బండి ఖర్చుకు సంజాయిషీ ఇవ్వను

మా అపార్ట్‌మెంటు సెల్లారులో నా మోటారు సైకిలు ఆపి ఉంటే పై అంతస్తుల కుర్రాళ్లు దాని చుట్టూ తిరిగి చూస్తారు. "ఆంటీ, ఇంత పాత బండికి ఇన్ని కొత్త సామాన్లు ఎవరైనా వేయిస్తారా? ఆ డబ్బుతో ఇంకో బండే వచ్చేది కదా" అంటారు. వచ్చేది. కొన్నదానికంటే దాని మీద పెట్టిందే ఎక్కువని నాకూ తెలుసు. మా ఆయనకు తెలుసు, మా ఆడబిడ్డకు తెలుసు, నేను పనిచేసిన ల్యాబు మేనేజరుకు ఇంకా బాగా తెలుసు. నేను ఏదో ఒక రోజు తలవంచుకుని సంజాయిషీ చెప్తానని వీళ్లందరూ చాలాకాలం ఎదురుచూశారు. చెప్పలేదు, చెప్పను. కానీ జరిగిందేమిటో మీకు చెప్తాను. మీరు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లు. రేపు మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు ఏసీ గదిలో కూర్చోబెట్టి, "ఇది నీ పనికి అంత అవసరమా?" అని అడుగుతారు.

ఫోనులో బుక్ చేసుకుంటే పొద్దున్నే వచ్చి బెల్లు కొట్టి, చేతికి రబ్బరు పట్టీ కట్టి, సూది గుచ్చి రక్తం తీసుకుపోయే మనిషిని మీరు చూసే ఉంటారు. ఆ మనిషిని నేనే. మొదట్లో ఒక దవాఖానలో చేశాను, తర్వాత రిటైరయ్యే దాకా ఒక ప్రైవేటు ల్యాబులో చేశాను. ఈ పనిలో సర్టిఫికెట్టు ఉద్యోగం ఇప్పిస్తుందంతే. పేరు తెచ్చేది మాత్రం చెయ్యి. నరం కనపడని లావుపాటి చేతుల్లో, కీమో ఎక్కించి ఎక్కించి ఎండిపోయిన చేతుల్లో, ఏడ్చి తన్నే పసిపిల్లల చేతుల్లో నేను ఒక్క పోటుకే రక్తం తీసేదాన్ని. గచ్చిబౌలిలో కొన్ని ఇళ్లవాళ్లు "ఆమెనే పంపండి" అని అడిగి మరీ పిలిపించుకునేవాళ్లు. నీ హస్తవాసి మంచిదమ్మా అనేవాళ్లు. జీతం ఎప్పుడూ గొప్పగా లేదు. ఆ మాటే నా ఆస్తి, దాన్ని ఎవరైనా ముట్టుకుంటే నేను ఊరుకోను.

ఇక బండి. ల్యాబు అందరికీ స్కూటర్లు ఇచ్చింది. నేను వద్దన్నాను. మా నాన్నకు శేరిలింగంపల్లిలో బర్లు ఉండేవి, పాల క్యాన్లు కట్టిన మోటారు సైకిలు మీదే నేను బండి నేర్చుకున్నాను. గుంత వస్తే స్కూటరు చిన్న చక్రం అందులోకి దిగుతుంది, మోటారు సైకిలు చక్రం దాన్ని దాటేస్తుంది. పాలు మోసినవాళ్లకు ఈ సంగతి ఒంటికి తెలుస్తుంది. అందుకే పాతదొకటి కొనుక్కుని, వెనక శాంపిళ్ల డబ్బా బిగించుకున్నాను. చీర కట్టుకున్న రోజైనా, డ్రెస్సు వేసుకున్న రోజైనా దాని మీదే తిరిగాను. ట్రాఫిక్కులో మగవాళ్లు తిరిగి చూసేవాళ్లు. చూడనీ, నాకేం పోయింది?

కష్టం ఎక్కడ మొదలైందంటే, కొండాపూర్‌లో ఉన్న మా ల్యాబును నానక్‌రామ్‌గూడ అవతల కొత్త బిల్డింగులోకి మార్చారు. దారి పొడుగైంది. పైగా అదే ఏడు ఒక పక్క ఫ్లైఓవరు పని, ఇంకో పక్క కేబులు కోసం తవ్వకాలు. ఇవాళ పూడ్చిన గుంతను రేపు మళ్లీ తవ్వేవాళ్లు. అందరిలోకీ పొడుగు దారి నాదే, నా పాత బండి షాకబ్జార్బర్లా అప్పటికే అరిగిపోయాయి.

గొట్టంలో తీసిన రక్తం గడ్డకట్టాక మిషన్‌లో తిప్పితే పైకి పసుపుపచ్చటి నీరు తేలుతుంది. పరీక్షలు చాలావరకు ఆ నీటితోనే. రక్తం దారిలో బాగా కుదుపులు తింటే కణాలు పగిలి ఆ నీరు ఎర్రబారుతుంది. అలాంటి శాంపిల్లో పొటాషియం అబద్ధం చెబుతుంది, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పొటాషియం నిజంగానే పెరిగితే గుండె ఆగిపోవచ్చు కాబట్టి ఆ అంకె చూడగానే డాక్టర్లు మనిషిని పరుగులు పెట్టిస్తారు. నిజం దాచడమెందుకు, శాంపిలు ఇలా పాడయితే చాలాసార్లు అది తీసినవాళ్ల చేతి తప్పే. సిరంజి గట్టిగా లాగినా, స్పిరిటు ఆరకుండా గుచ్చినా అంతే. అందుకే మా దగ్గర శాంపిలు ఎర్రబారితే తీసినవాళ్ల పేరు మీద రాసేవాళ్లు. మోసుకొచ్చిన దారి పేరు మీద రాసే అలవాటు ఎవరికీ లేదు.

పాత గచ్చిబౌలి సందులో ఒక టైలరు ఉండేవాడు. అద్దాల బిల్డింగుల్లో పనిచేసే పిల్లల ప్యాంట్లు పొట్టి చేయడం, నడుము వదులు చేయడం ఆయన పని. కిడ్నీలు సగం చెడ్డాయి. నెలనెలా నేనే వెళ్లి రక్తం తీసేదాన్ని. నేను ఆయన్ని కాకా అనేదాన్ని, ఆయన భార్యను చిన్నమ్మా అనేదాన్ని. ఒకసారి శాంపిలు ఎర్రబారిన సంగతి ఎవరూ చూసుకోకుండానే ఆయన పొటాషియం బాగా ఎక్కువని రిపోర్టు వెళ్లింది. డాక్టరు ఫోను చేసి వెంటనే అడ్మిట్ కమ్మన్నాడు. పాపం, కుట్టుమిషను అమ్మేద్దామా అనేదాకా వచ్చి దవాఖానలో చేర్పించారు. అక్కడ మళ్లీ పరీక్ష చేస్తే అంతా మామూలే. తర్వాతి నెల నేను గడప దగ్గర నిలబడితే చిన్నమ్మ తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టింది.

"నువ్వు రాకు బిడ్డా. నీ మీద కోపం లేదు. గని నీ చెయ్యి ఇప్పుడు మంచిగ లేదు. ఇంకొకల్లను పంపియ్యి."

కోపం లేదంది చూశారా, అదే నన్ను కాల్చింది. తిడితే పడేదాన్ని. ఆ సందులోంచి బయటికి వచ్చి బండి మీద కూర్చుని ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేంటని.

ఆ వారమే మేనేజరు పిలిచాడు. చిన్నవాడు, కాకినాడ వైపు మనిషి, మర్యాదస్తుడు. మర్యాదగానే మెడ కోశాడు.

"చూడండి మేడమ్, నేనేమీ అనట్లేదండి. వయసు పెరిగే కొద్దీ చెయ్యి కొంచెం అటూ ఇటూ అవ్వడం సహజం. కొత్త బ్యాచ్‌కి ట్రైనింగ్ ఉంది, మీరూ వచ్చి కూర్చోండి. అప్పటిదాకా మీరు తెచ్చినవాటిలో పొటాషియం ఎక్కువ వస్తే మేము రిపోర్టు పంపం. ఇంకొకళ్లను పంపించి మళ్లీ తీయిస్తామండి."

"సార్, నా చెయ్యి గట్లనే ఉంది. దారి మారింది. శాంపిల్లు మజ్జిగ చిలికినట్టు చిలుక్కుంట వస్తున్నయి. బండికి మంచి షాకబ్జార్బర్లు, టైర్లు ఏపియ్యాలె. ల్యాబు పెట్టుకుంటే అందరి బండ్లకూ చేపియ్యొచ్చు."

ఆయన నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందండి."

"మద్దెల నిజంగనే పగిలితే ఆడేటామె ఏం జెయ్యాలె సార్?"

"బండి పర్‌ఫార్మెన్స్ పెంచుకోవడానికి పాలసీలో డబ్బులు లేవండి. పెట్రోలు ఇస్తాం, సర్వీసింగు ఇస్తాం. రేసు బండి తయారు చేసుకుంటానంటే అది మీ సొంత సరదా."

సొంత సరదా! సరే, సొంతమే అనుకున్నాను. ట్రైనింగుకు వెళ్లనని అక్కడే చెప్పేసి లేచొచ్చాను.

లింగంపల్లి రైల్వే స్టేషను దగ్గర ఒక మెకానిక్ భాయ్ ఉండేవాడు. కాలేజీ పిల్లల బండ్లకు సైలెన్సర్లు మార్చి, ఇంజన్లు బిగించి, వీధంతా అదిరిపోయేలా తయారు చేసి పంపడంలో దిట్ట. నేను వెళ్లి "బండి పర్‌ఫార్మెన్స్ పెంచాలె భాయ్" అన్నాను. ఆయన నన్ను, హెల్మెట్టును, డబ్బాను మార్చి మార్చి చూశాడు.

"క్యా మేడమ్, ఈ వయసుల రేసుకు పోతరా?"

"ఎక్కడికి పోతే నీకేంది? చేస్తవా, ఇంకో దుకాణం చూసుకోవాల్నా?"

"అరె, గుస్సా ఎందుకు? ఇచ్చి పోండి, ఫికర్ చెయ్యకండి. చూడండి ఎట్ల ఉరుకుతదో."

ఉరికింది. ఇంజను విప్పి రింగులు మార్చాడు, కార్బురేటరు కడిగి బిగించాడు, వెనక గట్టి స్పోర్ట్స్ స్ప్రింగులు వేశాడు. యాక్సిలరేటరు తిప్పితే బండి లేడిలా దూకేది. మూలమలుపుల్లో రోడ్డును పట్టుకుని పోయేది. నాకు ఆ వేగం నచ్చింది, ఎందుకు అబద్ధం చెప్పాలి? కానీ గుంత పడిందంటే నడుము విరిగేది, ఆ వారం ఇంకా రెండు శాంపిళ్లు ఎర్రబారాయి. పొరపాటు ఆయనదంటే ఆయనది కూడా కాదు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లందరికీ పర్‌ఫార్మెన్స్ అంటే ఉరకడం. మెల్లగా, నిండుకుండలా పోయే బండి కావాలని ఆయన్ని ఎవడూ ఎన్నడూ అడగలేదు.

మళ్లీ వెళ్లాను. ఈసారి స్టీలు డబ్బాలో ఇంట్లో తోడు పెట్టిన గట్టి పెరుగు పట్టుకెళ్లాను. మా అమ్మ పెరుగు అమ్మేది, కాబట్టి కుదుపుల సంగతి పెరుగు చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదని నాకు తెలుసు. శాంపిళ్ల డబ్బాలో దాన్ని పెట్టి, మెకానిక్‌ను వెనక కూర్చోబెట్టుకుని, తవ్విన రోడ్డు మీద గచ్చిబౌలి స్టేడియం దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చాను. దిగి మూత తీస్తే పెరుగు చెదిరి నీళ్లు తేలింది.

"గిది చెదరకుండ రావాలె భాయ్. గదీ నాకు కావాల్సిన పర్‌ఫార్మెన్స్."

ఆయన ఒక చేత్తో నడుము పట్టుకుని, రెండో చేత్తో డబ్బా పట్టుకుని చాలాసేపు చూశాడు. "రక్తం ఇట్లనే అయితదా?" అన్నాడు. అవునన్నాను. ఆ తర్వాత ఆయన ఒక్క జోకు కూడా వేయలేదు. స్పోర్ట్స్ స్ప్రింగులు పీకేసి, గ్యాసు నింపిన మెత్తటి షాకబ్జార్బర్లు తెప్పించాడు. ముందు ఫోర్కుల్లో ఆయిలు, సీళ్లు మార్చాడు. వెడల్పు టైర్లు వేశాడు. ముందు చక్రానికి డిస్కు బ్రేకు పెట్టాడు, ఎందుకంటే బ్రేకు ఒక్కసారిగా కొట్టినా శాంపిలు చిలుక్కుంటుంది. డబ్బా కింద జనరేటర్లకు వాడే రబ్బరు దిమ్మలు బిగించాడు, అది మాత్రం పూర్తిగా ఆయన ఆలోచనే. కొత్త ఇంజను పని అలాగే ఉంచమన్నాను. శాంపిలు తొందరగా చేరడం కూడా ముఖ్యమే కదా. రోజూ సాయంత్రం పెరుగు డబ్బాతో తిరిగి చూసేవాళ్లం. పెరుగు అలాగే గడ్డగా వచ్చిన రోజు ఆయన దుకాణంలో ఉన్నవాళ్లందరికీ చాయ్ చెప్పాడు. ఆ పెరుగు మేమే తినేశాం.

ఇంట్లో యుద్ధం అప్పుడు మొదలైంది. వేసవికి కొత్త కూలరు కొందామని ఎత్తిన చిట్టీ డబ్బంతా బండిలోకి పోయింది. మా ఆయన ఒక కంపెనీలో స్టోర్సు చూసేవాడు. ఇంట్లోంచి అగ్గిపెట్టె బయటికి పోయినా ఎందుకు పోయిందో తెలియాలి ఆయనకు.

"బండికి బంగారం తొడిగిపిస్తున్నవా ఏంది?"

"తొడిగిస్త. నా జీతం, నా చిట్టీ."

"గా ల్యాబోల్లు ఇయ్యనన్నరు గదా. వాల్ల పని కోసం నీ పైసలు పెట్టుడేంది? పిచ్చి లేసిందా?"

"వాల్ల పని కాదు, నా పని. నా చెయ్యి మంచిగ లేదని అన్నరు. నువ్వు పడ్తవా గా మాట?"

ఆయన ఆ వేసవంతా తడి తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు, పడుకున్నంతసేపూ నన్ను సణిగాడు. మా ఆడబిడ్డ ఫోను చేసి, ఆడదానికి ఇంత మొండితనం పనికిరాదంది. పై అంతస్తులో ఒకాయన కారుకు పాటల డబ్బాలని ఎంత పెట్టాడో ఆ అపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. ఆయన్ని ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. మొగుడూ, మేనేజరూ, ఆడబిడ్డా ముగ్గురూ కలిసి నన్నే అడిగారు.

శాంపిళ్లు బాగుపడ్డాయి. మిషను దగ్గర కూర్చునే టెక్నీషియన్, సంగారెడ్డి వైపు తమ్ముడు, నన్ను చూస్తే గొట్టం ఎత్తి చూపించేవాడు, "అక్కా, నెయ్యి లెక్క ఉన్నది" అని. అయినా మేనేజరు పెట్టిన రూలు అలాగే ఉంది. నేను తెచ్చినవాటిలో పొటాషియం ఎక్కువ వస్తే అది చెయ్యి తప్పే, మళ్లీ తీయాల్సిందే. ఒకసారి పేరు పోతే, అది బాగుపడిందని నోటీసు బోర్డులో ఎవడూ పెట్టడు.

టైలరు కాకా ఇంటికి వేరే అమ్మాయి వెళ్తోంది. పాపం, నేర్చుకుంటున్న పిల్ల. ఆయన చేతులకు నాలుగేసి పోట్లు పడేవి. చివరికి ఆయనే చిన్నమ్మతో కొట్లాడి నాకు ఫోను చేశాడు. "చెయ్యంత గుండీలు కుట్టినట్టయింది. నువ్వే రా బిడ్డా" అన్నాడు. వెళ్లాను. చిన్నమ్మ లోపలికి రానిచ్చింది కానీ నా ముఖం చూడలేదు. ఒక్క పోటులో తీశాను. ఆయనకు ఆ పొద్దున మాట కొంచెం బరువుగా వస్తోంది. అడిగితే, రాత్రి నిద్ర లేదన్నాడు.

శాంపిలు ఇచ్చి ఇంకో రెండు ఇళ్లు తిరిగి వచ్చేసరికి టెక్నీషియన్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"అక్కా, జర ఇటు రా. కాకా పొటాషియం చూడు."

అంకె చూశాను. దవాఖానకు పంపినప్పటి అంకె కంటే ఎక్కువ. గొట్టం ఎత్తి లైటుకు పెట్టాను. పైన నీరు శుభ్రంగా, పసుపుపచ్చగా ఉంది. ఎరుపు జాడే లేదు.

"ఇది అబద్ధం కాదు" అన్నాను.

"నేనూ గదే అన్న. రెండోసారి పెట్టి చూసిన, అంతే వచ్చింది. గని సార్ రిపోర్టు ఆపిండు."

మేనేజరు గదిలోకి వెళ్లాను. ఆయన అప్పటికే ఆ కొత్త అమ్మాయికి ఫోను చేస్తున్నాడు, మధ్యాహ్నం వెళ్లి మళ్లీ తీసుకురమ్మని.

"సార్, గొట్టం ఒకసారి చూడుండ్రి. నీళ్లు తేటగున్నయి. ఆయన గుండె ఆగిపోతది."

"మేడమ్, కంగారు పడకండి. పోయినసారి కూడా ఇలాగే అయింది, ఆ కుటుంబం మన మీద కంప్లయింటు ఇచ్చింది. రెండోసారి తప్పు జరిగితే ఎవరు జవాబు చెప్తారండి? మళ్లీ తీయిస్తే సాయంత్రానికి తేలిపోతుంది కదా."

"సాయంత్రం దాక ఆయన ఉంటడో లేడో!"

"రిపోర్టు మీద సంతకం పెట్టే డాక్టరు గారు వేరే బ్రాంచిలో ఉన్నారు, ఫోను ఎత్తట్లేదు. పద్ధతి అంటూ ఒకటుంది కదండీ."

ఆయన చెడ్డవాడు కాదు. ఒకసారి దెబ్బ తిన్నాడు, రెండోసారి తినకూడదనుకున్నాడు. కానీ ఆయన భయానికి కాకా ప్రాణం పణంగా పెట్టడానికి నేను ఒప్పుకోను. మా దగ్గర గట్టి రూలు ఒకటుంది. రక్తం తీసేవాళ్లు రిపోర్టు సంగతి పేషెంటుకు చెప్పకూడదు. ఉద్యోగం పోయే రూలు. ఆయన ముందే ఫోను తీసి చిన్నమ్మకు కలిపాను.

"చిన్నమ్మా, కాకను ఇప్పుడే దవాఖానకు తీస్కపో. పొటాషియం బాగ పెరిగింది."

అవతల గొంతు ఒక్కసారిగా లేచింది. "మల్ల గదే ముచ్చటా? పోయినపారి నిన్ను నమ్మి ఆగమైనం! మాకేమన్న పైసలు చెట్లకు కాస్తున్నయా? ఫోన్ పెట్టెయ్యి!"

పెట్టేసింది. మేనేజరు నా వైపు చూశాడు, ఇక చాలు కదా అన్నట్టు. నేను హెల్మెట్టు తీసుకున్నాను.

"మేడమ్, ఇప్పుడు మీరు వెళ్తే నేను మెమో ఇవ్వాల్సొస్తుందండి."

"ఇయ్యుండ్రి సార్. వచ్చినంక తీసుకుంట."

ఆ దారిలో ఎలా వెళ్లానో ఇప్పటికీ నాకు ఒళ్లు గుర్తు చేస్తుంది. ఆఫీసు బస్సుల మధ్య నుంచి, మట్టి దిబ్బల అంచు మీద నుంచి వెళ్లాను. మెకానిక్ బిగించిన ఇంజను ఆ రోజు నేను అడిగిందల్లా ఇచ్చింది, డిస్కు బ్రేకు రెండుచోట్ల నన్ను బతికించింది. కాకా గడప ముందు దిగేసరికి చిన్నమ్మ బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చాట పక్కన పడేసింది.

"మల్లెందుకు వచ్చినవ్?"

"చిన్నమ్మా, పోయినపారి నా చెయ్యి తప్పని మీరన్నరు. నేను నోరు మూసుకుని పడ్డ. ఈపారి తప్పు లేదు. శాంపిల్ మంచిగొచ్చింది. నా మీద ఒట్టు."

"నీ ఒట్టు పెట్టుకుని మేమేం జేస్కోవాలె?"

"అబద్ధమైతే దవాఖాన బిల్లు నేను కడ్త. నా బండి అమ్మి కడ్త. ఇగ లే!"

లోపల మంచం మీద నుంచి కాకా మెల్లగా పిలిచాడు. "పొద్దుగాల్నుంచి కాల్లల్ల సత్తువ లేదు. మిషిను తొక్కనీకి రాలే. నువ్వు పరేషానైతవని చెప్పలే." చిన్నమ్మ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. నేనే సందు మొదట్లోకి పరిగెత్తి ఆటో తెచ్చాను. ఇద్దరినీ ఎక్కించి, ఆటో వెనకే బండి మీద దవాఖాన దాకా వెళ్లాను.

గుండె పరీక్ష చేసిన డాక్టరు వెంటనే ఆయన్ని ఐసీయూలోకి తీసుకెళ్లమన్నాడు. "సాయంత్రం దాకా ఆగుంటే ఏమయ్యేదో చెప్పలేను" అన్నాడు. అది విన్నాక చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది, అదే చెయ్యి. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

మెమో మర్నాడే వచ్చింది. మేనేజరు స్వయంగా ఇచ్చాడు, నా కళ్లలోకి చూడలేకపోయాడు. "మీరు చేసింది మంచి పనేనండి. కానీ పద్ధతి తప్పింది. ఒక క్షమాపణ రాసి ఇచ్చేయండి, అంతా సర్దేస్తాను" అన్నాడు.

"మంచి పనైతే క్షమాపణ ఎందుకు సార్?"

"ఫార్మాలిటీ అండి."

"నా బండి బిల్లు మీరు ఇయ్యలే. క్షమాపణ నేను ఇయ్య. లెక్క సరిపాయె."

ఇళ్లకు వెళ్లే పని నా నుంచి తీసేశారు. రిటైరయ్యే దాకా ల్యాబులోనే, అద్దాల కౌంటరు వెనక కుర్చీలో కూర్చుని, టోకెను పట్టుకుని వచ్చినవాళ్లకు రక్తం తీయాలి. ఇంత ఖర్చు పెట్టి తయారు చేసుకున్న బండి ఇల్లూ ఆఫీసూ తిరగడానికి మిగిలింది. మా ఆయనకైతే పండగే. "అయ్యిందా? ఇప్పుడు నీ బండికి హారతియ్యి" అన్నాడు. కొందరు కొలీగ్స్ జాలిపడ్డారు. జాలి నాకు పడదు. నేను ఓడిపోయానని మీరు అనుకుంటే అనుకోండి. మళ్లీ అదే రోజు వస్తే, చిట్టీ మళ్లీ ఎత్తుతాను, ఫోను మళ్లీ చేస్తాను. మీరు కూడా, మీ పనికి ఏది కావాలో మీ ఒంటికి తెలిసినప్పుడు, పాలసీలో ఉందా లేదా అని వెతుక్కుంటూ కూర్చోకండి. అడగండి. ఇవ్వకపోతే మీరే తెచ్చుకోండి. తెచ్చుకున్నాక ఎవరి ముందూ తల దించకండి.

కౌంటరులో కూర్చున్న కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం కాకా లోపలికి వచ్చాడు. ఒంటరిగా. బాగా చిక్కిపోయాడు కానీ తన కాళ్ల మీద తనే నడిచి వచ్చాడు. పక్క కుర్చీలో అమ్మాయి ఖాళీగా ఉండి, "ఇటు రండి తాతా" అని పిలిచింది. ఆయన అటు చూడలేదు. నా ముందు కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ఇంటికెవరన్న వస్తరు గద కాకా, ఇంత దూరం ఎందుకొచ్చినవ్?"

"ఇంటికొచ్చేటోల్లు నువ్వు కాదు గదా" అన్నాడు.

ఒక్క పోటు. దూది పెట్టి చెయ్యి మడిపించాను. బయటికి వెళ్లి బైక్ టాక్సీ కోసం చాలాసేపు నిలబడ్డాడు. ఒకడు వస్తానని రద్దు చేసుకున్నాడు, రెండోవాడు ఫోనే ఎత్తలేదు. ఎండ మండిపోతోంది. నేను లంచ్ బాక్సు మూసేసి తాళాలు తీసుకుని వెళ్లాను.

"ఎక్కు కాకా."

భయపడుతూనే ఎక్కాడు. నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. తవ్విన రోడ్డు వచ్చింది, గుంతలు వచ్చాయి. కాసేపటికి భుజం మీద పట్టు వదులైంది.

"దీనికేనా నువ్వు గంత ఖర్చు పెట్టింది? ల్యాబుల అనుకుంటుంటే విన్న."

"ఔ కాకా. నువ్వు కూడ ఎందుకని అడుగుతవా?"

"నేనెందుకు అడుగుత? గా దినం నా రక్తం దీని మీదనే పోయింది. ఇయ్యాల నేను పోతున్న." కొంచెం ఆగి నవ్వాడు. "నాకంటే ముందుగాల నా రక్తం సుఖపడ్డదన్న మాట."

నేను హెల్మెట్టు అద్దం కిందికి లాగేసుకున్నాను. పాత గచ్చిబౌలి సందు రాగానే బండి నెమ్మది చేశాను.

"ఇక్కడ దిగుతవా, ఇంటి ముందర దింపాల్నా?"

"ఇంకో చుట్టు తిప్పు బిడ్డా" అన్నాడు.

తిప్పాను. స్టేడియం దాకా వెళ్లి, మెల్లగా, ప్రతి గుంతలోకీ దిగుతూ ఎక్కుతూ తిరిగొచ్చాం. ల్యాబులో నా లంచ్ టైము ఎప్పుడో అయిపోయింది.